వాట్సన్స్ బే జెట్టీ మీద పండుగప్ప

ముందే చెప్పేస్తున్నా, ఇది తెల్ల గుడ్డలు పరిచిన బల్లల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంట్ గురించి కాదు. సిడ్నీలో వాట్సన్స్ బే దగ్గర ఫెర్రీ దిగితే జెట్టీ మీదే డోయల్స్ వాళ్ళ ఫిషర్‌మెన్స్ వార్ఫ్ ఉంటుంది. కౌంటర్ దగ్గర డబ్బులు కట్టి, చేప, చిప్స్ (వేడివేడిగా వేయించిన బంగాళదుంప ముక్కలు) ఉన్న అట్టపెట్టె పట్టుకుని, నీళ్ళ పక్కన ఎక్కడో ఒకచోట చతికిలబడి తినడం, నేను రాస్తున్నది ఆ వ్యవహారం గురించి. ఇదే కుటుంబానికి పక్కనే బీచ్ మీద పెద్ద రెస్టారెంట్ కూడా ఉంది, అక్కడ బోర్డు మీద 1885 అని ఉంటుంది. పెళ్ళిరోజుకో, ఆఫీసు వాళ్ళ లంచ్‌కో అయితే అది. నిక్కర్లు వేసుకుని, ఇసుక కాళ్ళతో, పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళేవాళ్ళకి మాత్రం జెట్టీయే.

మేం ఉండేది సిడ్నీ పడమటి వైపు వెస్ట్‌మీడ్‌లో. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటి శనివారం ఓపెరా హౌస్, రెండో శనివారం బ్లూ మౌంటెన్స్, దాంతో మా దగ్గర చూపించే సరుకు అయిపోతుంది, మూడో వారం నుంచి మనవాళ్ళ హోటళ్ళుండే హారిస్ పార్క్‌లో దోసెలే. ఈసారి వచ్చింది నాన్నగారు. భీమవరం పక్కన పల్లెటూరు, ముప్పై ఏళ్ళు చేపల చెరువులు చేసిన మనిషి. కొండలూ లోయలూ చూపిస్తే "బాగున్నాయిరా" అని ఊరుకుంటారు గానీ ఎక్కడైనా నీళ్ళు కనబడ్డాయంటే అంచు దాకా వెళ్ళి వంగి, రంగు చూసి, లోతెంతని అడుగుతారు. అలాంటి మనిషిని మూడో శనివారం కూడా దోసెల కొట్టుకి తీసుకెళ్ళడం న్యాయం కాదని వాట్సన్స్ బే అనుకున్నాం.

మా వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ట్రైన్‌లో విన్యార్డ్‌లో దిగి ఓ పది నిమిషాలు నడిస్తే సర్క్యులర్ కీ వస్తుంది, అక్కడ ఎఫ్9 ఫెర్రీ ఎక్కాలి. ఇక్కడి ట్రైన్లకీ బస్సులకీ ఫెర్రీలకీ వాడే ఓపాల్ కార్డు లేకపోతే మామూలు బ్యాంకు కార్డు ట్యాప్ చేసినా సరిపోతుంది. శుక్ర, శని, ఆదివారాల్లో రోజు మొత్తానికి పడే గరిష్ఠ ఛార్జీ మిగతా రోజుల కన్నా తక్కువ కాబట్టి, పొద్దున ఇంటి దగ్గర ట్రైనెక్కి రాత్రి తిరిగొచ్చేదాకా ఎన్ని ఎక్కి దిగినా ఆ పరిమితి దాటదు. ఈ ముక్క తెలియక నా స్నేహితుడొకడు కుటుంబం మొత్తాన్నీ వేసుకుని టూరిస్ట్ క్రూజ్‌కి బోలెడు పోసొచ్చాడు, చూసింది దాదాపు ఇవే నీళ్ళు. ఫెర్రీలో బయట సీట్లలో, కుడివైపు కూర్చోండి. బయల్దేరగానే ఓపెరా హౌస్ పక్కనుంచే పోతుంది, తర్వాత ఫోర్ట్ డెనిసన్, గార్డెన్ ఐలాండ్ దగ్గర నేవీ ఓడలు, రోజ్ బేలో నీళ్ళ మీద దిగే చిన్న విమానాలు. అరగంట కూడా పట్టదు. కారులో మాత్రం వెళ్ళకండి, వీకెండ్ అయితే పార్కింగ్ కోసం ఆ సన్న రోడ్లలో ప్రదక్షిణలు చేయడంతోనే ఆకలి చచ్చిపోతుంది. ఫెర్రీ పడనివాళ్ళకి సిటీ నుంచి 324, 325 బస్సులున్నాయి.

ఇక అసలు సంగతి. నాన్నగారు బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుంటూ పేర్లు చదువుతున్నారు. ఫ్లాట్‌హెడ్ ఏంటి, జాన్ డోరీ ఏంటి, ఇది చేప పేరా మనిషి పేరా అని మా అబ్బాయిని అడుగుతున్నారు. బారముండి దగ్గరికొచ్చేసరికి "నాన్నగారూ, అది మన పండుగప్పే" అన్నాను. ఆయన నావైపు తిరిగి, ఊళ్ళో చెరువులో వేసే చేపపిల్లల సీడ్‌లో తూకం మోసం చేసేవాణ్ణి చూసినట్టు చూశారు. "పండుగప్పా? వీళ్ళు పండుగప్పని బంగాళదుంపలతో తింటారా?" అన్నారు.

తింటారు. రెండూ ఒకటే జాతి. మన కోనసీమ, కొల్లేరు వైపు పండుగప్ప అనేదాన్నే బెంగాలీలు భేట్కి అంటారు, తమిళులు కొడువా అంటారు, ఆస్ట్రేలియా వాళ్ళు బారముండి అంటారు. క్వీన్స్‌లాండ్‌లో రాక్‌హాంప్టన్ చుట్టుపక్కల ఆదివాసుల భాషలోంచి వచ్చిన మాట అది, అర్థం పెద్ద పొలుసుల ఏటి చేప. ఈ దేశం వాళ్ళకి ఇది జాతీయ చేపతో సమానం, ఉత్తరాన డార్విన్ వైపు దీన్ని గాలానికి పట్టడం కోసం సెలవులు పెట్టుకుని మరీ పోతారు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో రెండేళ్ళ పాటు, అదేదో ఫారిన్ చేప అనుకుని పట్టించుకోలేదు. సూపర్‌మార్కెట్‌లో అదే ముక్క ముందు నిలబడి పండుగప్ప దొరకట్లేదని బెంగపడ్డ రోజులున్నాయి.

సరే, రెండు బారముండి చిప్స్, ఒక ఫ్లాట్‌హెడ్, మా వాడికి కాలమారి (వేయించిన స్క్విడ్), అరకిలో ఉడికించిన రొయ్యలు చెప్పి, జనం ఉన్నారు కాబట్టి కాసేపు నిలబడి తీసుకున్నాం. జెట్టీ మీద గాలి కొడుతోందని పక్కనే రాబర్ట్‌సన్ పార్కులో చెట్టు కిందకి వెళ్ళాం. పెట్టె మూత తీయగానే ఆవిరొచ్చింది. నాన్నగారు చిప్స్ ముట్టుకోలేదు, చేప ముక్కని నేరుగా చేత్తో తీసుకుని, పైన కరకరలాడుతున్న పొరని బొటనవేలితో ఒక పక్కకి తోశారు. లోపల కండ తెల్లగా, తడిగా మెరుస్తోంది. వేళ్ళతో కొంచెం నొక్కితే పొరలు పొరలుగా, ఒక్కో రేకు దేనికది విడింది గానీ పిండిలా చిదిగిపోలేదు. ఒక రేకు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన దేనికి చూస్తున్నారో నాకు తెలుసు. చెరువు చేపలో ఒక్కోసారి మట్టి వాసన వస్తుంది, పట్టుబడికి ముందు మంచినీళ్ళలో కొన్నాళ్ళు ఉంచకపోతే ఎంత మసాలా వేసినా అది దాగదు, మన దగ్గర చింతపండు పులుసు సగం ఆ వాసన చంపడానికే అని ఆయన వాదన. వాసన చూసి, నోట్లో వేసుకుని, నమిలి, సముద్రం వైపు చూస్తూ ఒక్క మాట అన్నారు: "వాసన లేదు."

మా ఇంట్లో ఇంతకు మించిన కితాబు ఉండదు. ఇంకో ముక్క తిన్నాక "పెంచిందే. ఏటిది కాదు. కానీ బాగా పెంచారు" అన్నారు. ఎలా తెలిసిందో అడిగితే కొవ్వు చెప్తుందన్నారు. ఆ తర్వాత పావుగంట సేపు పండుగప్ప పెంపకం మీద క్లాసు. పిల్లల్ని వారం వారం సైజుల వారీగా గ్రేడింగ్ చేయకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుందట, గొంతులో ఇరుక్కుని రెండూ చచ్చిన రోజులున్నాయట, పుట్టినప్పుడు దాదాపు అన్నీ మగవేనట, కొన్నేళ్ళు పెరిగాక ఆడవిగా మారతాయట. మా తొమ్మిదేళ్ళవాడు ఈ ఆఖరి ముక్క విని కాలమారి తినడం ఆపేసి నోరు తెరిచాడు. మామూలుగా తాతగారు మాట్లాడుతుంటే ఫోన్ చూసుకునే రకం.

రుచి సంగతి నా మాటలో చెప్పాలంటే, చేపని చేపలా వదిలేశారు. ఉప్పు, నిమ్మకాయ, పలచటి పొర, అంతే. పొర మందంగా ఉంటే నూనె లోపలే ఉండిపోయి, తిన్నాక గుండెల మీద రాయి పెట్టినట్టుంటుంది, ఇది అలా లేదు. మనవాళ్ళకి చప్పగా అనిపించడం ఖాయం, నాకూ మొదట్లో అనిపించింది. పక్కన ఇచ్చే టార్టర్ సాస్ నాకు నచ్చదు, పుల్లటి పెరుగులో దోసకాయ ఊరగాయ ముక్కలు కలిపినట్టుంటుంది. మా ఆవిడ దూరదృష్టి గల మనిషి, చిన్న స్టీలు డబ్బాలో కారం, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు కలిపి తెచ్చింది. "మామయ్యగారూ, కొంచెం వేసుకోండి" అని డబ్బా జరిపితే, ఆయన రెండో ముక్క దాకా వద్దన్నారు, మూడో ముక్కకి చెయ్యి చాచారు.

రొయ్యల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఇక్కడ ఉడికించిన రొయ్యల్ని చల్లగా, తలా తొక్కా ఉండగానే ఇస్తారు, మనమే ఒలుచుకోవాలి. చాలా వరకు పట్టిన పడవ మీదే ఉడకబెట్టేసి ఐసులో పెట్టి ఒడ్డుకి తెస్తారు. "చల్లారిపోయింది, వేడి చేసి ఇమ్మనరా" అని నాన్నగారు, కాదు నాన్నగారూ ఇది ఇంతే అని నేను. ఒకటి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపి "ముప్పై కౌంటు ఉంటుంది" అన్నారు. కిలోకి ముప్పై అన్నమాట, భీమవరంలో చిన్నపిల్లాడైనా చెప్తాడు ఈ లెక్క. మన చెరువుల్లో పెంచే వనామి రకం కాదు అని కూడా తేల్చారు. నిజమే, ఇవి సముద్రంలో పట్టే కింగ్ ప్రాన్స్, ఇక్కడ చెరువుల్లో పెంచేది మాత్రం ఎక్కువగా టైగర్ రొయ్య. తియ్యగా, కొరికితే టప్పున తెగేలా ఉన్నాయి. అయినా వేపుడు కాని రొయ్య మా ఇంట్లో ఓడిపోయింది, అరకిలోలో ముప్పావు వంతు నేనే తిన్నాను.

ఆయ్‌స్టర్లు, అంటే గట్టి గుల్లలో ఉండే మెత్తటి జీవులు, వాటి గురించి ఒక ముక్క. సిడ్నీ రాక్ ఆయ్‌స్టర్ ఈ తీరానికే చెందిన జాతి, ఇక్కడివాళ్ళు పచ్చిగానే నిమ్మకాయ పిండుకుని జుర్రేస్తారు. పక్క బల్ల వాళ్ళ పళ్ళెం చూసి నాన్నగారు "ఇవి సున్నం కాల్చే గుల్లలు కదరా" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆయన తప్పేం అనలేదు. ఈ ఊరు కొత్తగా కట్టినప్పుడు సున్నపురాయి దొరక్క, ఆదివాసులు వేల ఏళ్ళుగా తిని పోగేసిన గుల్లల దిబ్బల్ని తవ్వి కాల్చి, ఆ సున్నంతోనే తొలి గోడలు లేపారు. ఆ మాట చెప్తే "మరి ఆ దిబ్బలు వాళ్ళవి కదా, అడిగి తీసుకున్నారా?" అన్నారు. నేను ఆయ్‌స్టర్లు ఆర్డర్ చేయలేదు, ఆ పూట ఎందుకో మనసు రాలేదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగారు, మీరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఎదురుగా నీళ్ళు అంత శుభ్రంగా కనిపిస్తున్నాయి కదా, ఈ చేప ఈ నీళ్ళదేనా? కాదు. సిడ్నీ హార్బర్‌లో వ్యాపారానికి చేపలు పట్టడం 2006లోనే ఆపేశారు. హోంబుష్ బే వైపు ఒకప్పటి కెమికల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన డయాక్సిన్లనే విష రసాయనాలు అడుగున మట్టిలో పేరుకుపోయాయి. సరదాకి గాలం వేసుకోవచ్చు గానీ, హార్బర్ బ్రిడ్జికి పడమటి వైపు పట్టినవి తినొద్దని ప్రభుత్వమే చెప్తుంది. కాబట్టి హార్బర్ ఒడ్డున కూర్చుని తినే చేప హార్బర్‌ది కాదు. నాన్నగారికి ఇది పెద్దగా ఆశ్చర్యం అనిపించలేదు, "కొల్లేరు పక్కన కూర్చుని తినేది కూడా కొల్లేరు చేప కాదులే" అన్నారు.

ఇక్కడ ఒక పాత గాయం చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట సిటీలో టూరిస్టులు తిరిగే ఒకచోట, పేరు ఎందుకులెండి, నీళ్ళ పక్కనే కదా అని కూర్చున్నాం. మెనూలో లాబ్‌స్టర్ ఎదురుగా ధర లేదు, మార్కెట్ ప్రైస్ అని ఉంది. అడగడానికి మొహమాటపడ్డాను. చేప వచ్చింది, పైపొర మెత్తబడి, లోపల చేప కన్నా పిండే ఎక్కువ. బిల్లు వచ్చింది, అందులో ఆదివారం అదనపు ఛార్జీ కూడా ఉంది, మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉందట. నేను బిల్లుని రూపాయల్లోకి మార్చుకోకూడదని ఎన్నిసార్లు అనుకున్నా ఆ రోజు మార్చుకున్నాను. అప్పటి నుంచీ రెండు అలవాట్లు. బోర్డు మీద ధర కనబడే కౌంటర్ దగ్గరే కొంటాను, 'ఫిష్' అని ఊరికే రాసి చేప పేరు రాయని చోట తినను. పేరు లేని చేప చాలాసార్లు వియత్నాం నుంచి వచ్చే బాసా అనే చవక చేప అవుతుంది. బాసాలో తప్పేం లేదు గానీ, బాసా తినడానికి ఫెర్రీ ఎక్కి రావాలా?

వాట్సన్స్ బేలో కూడా చవకేం కాదు. సిడ్నీలో నీళ్ళు కనబడే చోట ఏదీ చవక కాదు. కాకపోతే పెట్టెలో ఉన్నది పెద్ద ముక్క, నలుగురు వెళ్తే మూడు పెట్టెలు చాలు, చిప్స్ ఎలాగూ మిగులుతాయి. మిగిలితే సీగల్స్ ఉన్నాయి కదా అనుకుంటారేమో, మిగలక ముందే ఉంటాయి అవి. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, మొదట ఒక్కటే వస్తుంది, ఏమీ ఎరగనట్టు వేరే వైపు చూస్తూ నిలబడుతుంది. మా వాడు జాలిపడి ఒక్క చిప్ విసిరాడు. అంతే, ఎక్కడెక్కడివో ముప్పై దాకా దిగాయి, అందులో ఒకటి నేను నోటి దాకా తెచ్చిన ఫ్లాట్‌హెడ్ ముక్కని వేళ్ళ మధ్యలోంచి లాక్కుపోయింది. వేలు గీసుకుంది కూడా. అందుకని ఫ్లాట్‌హెడ్ ఎలా ఉందో నేను సగమే చెప్పగలను, బారముండి కన్నా మెత్తగా, తియ్యగా ఉంది, ఇక్కడ పుట్టినవాళ్ళు దానికే ఓటేస్తారు. పెట్టె మూత ఎప్పుడూ వేసి ఉంచండి, పిల్లలకి ముందే వార్నింగ్ ఇవ్వండి.

శాకాహారులతో వెళ్ళేవాళ్ళకి: చిప్స్, సలాడ్ తప్ప పెద్దగా ఆశపడకండి, చిప్స్ కూడా చేప వేయించిన నూనెలోనే వేస్తారా అని పట్టింపు ఉన్నవాళ్ళు కౌంటర్లో అడగాలి. ఇంకోటి, ఈ దేశంలో చేపకి పూసే పిండిని బీరుతో కలపడం చాలా చోట్ల మామూలు. మా అత్తగారు వస్తే నేను అడక్కుండా కొనను. మందు తాగుతూ కూర్చోవాలనుకునేవాళ్ళకి పక్కనే హోటల్ వాళ్ళ బీర్ గార్డెన్ ఉంది, శనివారం సాయంత్రం అక్కడ ఈకకి కూడా చోటుండదు, పాటలూ గోలా ఎక్కువ. కుటుంబంతో అయితే పార్కులో పచ్చికే సుఖం, దుప్పటి ఒకటి తెచ్చుకుంటే మహారాజులే.

తిన్నాక వెంటనే ఫెర్రీ ఎక్కకండి. క్యాంప్ కోవ్ మీదుగా హార్న్‌బీ లైట్‌హౌస్ దాకా నడవండి, అరగంట లోపే. 1857లో డన్‌బార్ అనే ఓడ ఇక్కడి కొండకి కొట్టుకుని 121 మంది పోయారు, ఒక్కడే బతికాడు, ఆ దెబ్బతోనే మరుసటేడు ఈ ఎర్రా తెల్లా చారల లైట్‌హౌస్ కట్టారు. అయితే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఒక రహస్యం. దారిలో కింద లేడీ బే అని చిన్న బీచ్ ఉంటుంది, 1976 నుంచీ అక్కడ బట్టలు లేకుండా స్నానం చేయడం చట్టబద్ధం. నాకు అది గుర్తొచ్చేసరికి మేం సరిగ్గా దాని పైన ఉన్నాం. "నాన్నగారూ, అటు చూడండి, ఓడ" అని సముద్రం వైపు చెయ్యి చూపించాను. ఓడ ఏమీ లేదు. ఆయన ఓడ కోసం వెతుకుతూ, నడుస్తూ, చాలాసేపటికి "కింద ఎవరో ఉన్నట్టున్నార్రా" అన్నారు. మా ఆవిడ అప్పటికే మా వాడి కళ్ళు మూసి నాలుగడుగులు ముందుంది.

సాయంత్రానికి మళ్ళీ జెట్టీ దగ్గరికొచ్చాం. ఇక్కడి గొప్పంతా ఈ వేళలో ఉంది. వాట్సన్స్ బే సిటీకి తూర్పున ఉంది కాబట్టి, పొద్దు సరిగ్గా సిటీ వెనక్కి కుంకుతుంది. టవర్లన్నీ మొదట నల్లగా, కార్డుబోర్డు కత్తిరించి నిలబెట్టినట్టుంటాయి, కాసేపటికి ఒక్కో కిటికీలో దీపం పడుతుంది, మధ్యలో సిడ్నీ టవర్ బంగారు గిన్నె బోర్లించినట్టు కనబడుతుంది. ముందంతా లంగరేసిన చిన్న పడవలు, గాలికి వాటి తాళ్ళు స్తంభాలకి తగిలి టింగుటింగుమంటుంటాయి. డిసెంబరులో అయితే ఎనిమిదింటి దాకా వెలుతురుంటుంది, జూన్‌లో ఐదింటికే చీకటి, దాన్ని బట్టి వెళ్ళండి. స్వెట్టర్ మర్చిపోవద్దు, మధ్యాహ్నం ఎంత మండినా సాయంత్రం గాలి తిరుగుతుంది. చీకటి పడ్డాక ఫెర్రీలు తగ్గుతాయి, ఆఖరుది ఎన్నింటికో ముందే చూసి పెట్టుకోండి.

ఫెర్రీలో నాన్నగారు ఊరికి వీడియో కాల్ చేశారు, అవతల మా పెదనాన్నగారు. ఓపెరా హౌస్ వెలుగులు వెనక మెరుస్తున్నాయి, కెమెరా మాత్రం ఆయన చేతిలో మిగిలిన చేప ముక్క మీద ఉంది. "అన్నయ్యా, ఇది పండుగప్ప, ఆయ్, మనదే. కిలో ఎంతో కనుక్కోమంటావా?"